వెనక బండి రాలేదు

ధర్మవరంలో కుళ్ళాయప్ప ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. కుళ్ళాయప్పలు వీధికి నలుగురున్నారు. బుల్లెట్ కుళ్ళాయప్ప అనాలి. అప్పుడు అంగట్లో బీడీలు కొంటున్నవాడు కూడా చెయ్యెత్తి దారి చూపిస్తాడు. మనిషి నేతగాడు, పట్టుచీరలు నేస్తాడు. పొద్దున మగ్గం గుంతలో పెట్టిన కాళ్ళు మధ్యాహ్నానికి తిమ్మిరెక్కి ఎవరివో అన్నట్టుంటాయి. ఏడాది పొడవునా గజం దూరం కదలని ఈ మనిషికి శివరాత్రి వెళ్ళిందంటే చాలు, పిచ్చి పడుతుంది. మేనమామ వదిలిపోయిన పాత బుల్లెట్‌ను బయటికి తీసి, తుడిచి, నూనె మార్చి, వీధంతా పొగ నింపి సవారికి బయలుదేరుతాడు.

సవారి అంటే నాలుగు రోజుల ప్రయాణం. జిల్లా నలుమూలల నుంచీ ముప్ఫై మంది దాకా బండ్లేసుకుని ధర్మవరంలో కలుస్తారు. శింగనమల చెరువు చూసుకుని, కల్యాణదుర్గం వైపు తిరిగి, కంబదూరు మీదుగా దిగి, మూడోనాటి సాయంత్రానికి లేపాక్షి చేరతారు. నాలుగోనాడు ఎవరింటికి వాళ్ళు. ఎవరు ముందు చేరారని ఇందులో పందెం లేదు. అందరూ చేరారా లేదా అన్నదే లెక్క. "పెట్రోలు పోసి దుమ్ము తిని వచ్చేదానికి ఇంత సంబరమా" అని వీధిలో ఎగతాళి చేసేవాళ్ళు చేస్తూనే ఉంటారు. ఆయన భార్య జ్యోతి మాత్రం, "పోనీండి, ఆ నాలుగు దినాలు తిరిగొస్తేనే మిగిలిన ఏడాది మాతో మనిషి మాదిరి ఉంటాడు" అని వెనకేసుకొస్తుంది.

ఈ సవారిలో ఒక పద్ధతి ఉంది. అందరికంటే ముందు ఒక బండి, దారి తెలిసినవాడిది. దాన్ని ముందు బండి అంటారు. అందరికంటే వెనక ఇంకొకటి, వెనక బండి. మధ్యలో ఉన్నవాళ్ళు దారి తప్పకుండా ఉండాలంటే, మలుపు వచ్చిన చోటల్లా ముందు బండి వెనకే ఉన్నవాడు ఆగి, చెయ్యి చాపి దారి చూపిస్తూ నిలబడాలి. అలా నిలబడినవాడిని "రాయి" అంటారు. అందరూ దాటి, చివరికి వెనక బండి వచ్చేదాకా రాయి కదలకూడదు. ఎండైనా, వానైనా, దాహమైనా సరే. రాయి కదిలాడంటే వెనక ఎవడో ఒకడు ఏ బీట్లోకో కొట్టుకుపోతాడు. అందుకే సవారిలో తిట్లన్నిటిలోకీ పెద్ద తిట్టు, "వీడు కదిలే రాయిరా" అన్నది.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. వరసగా మూడేళ్ళు ఒక్క పూట కూడా గుంపును వదలకుండా పూర్తి చేసినవాడికే మరుసటేడు ముందు బండి ఇస్తారు. ఈ ఏడు ఆ వంతు ఇద్దరికి వచ్చింది. ఒకడు కుళ్ళాయప్ప. రెండోవాడు మార్కండేయ. ఇద్దరూ లేపాక్షి చేరితే చీటీ వేస్తారు. జీవితంలో దేనికీ ముందు నిలబడని కుళ్ళాయప్పకు ఆ ముందు బండి మీద ప్రాణం కొట్టుకుంటూ ఉంది. వచ్చే ఏడు గుంపును ఏ దారిన తీసుకుపోవాలో, ఎక్కడ ఆపి మజ్జిగ తాగించాలో మగ్గం మీద కూర్చునే ఖాయం చేసుకున్నాడు.

మార్కండేయ ఎవరో చెప్పాలి. పెద్దంచు చీర నేయాలంటే మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. ఒకడు నేస్తుంటే పక్కనున్నవాడు అంచు పోగును అటూ ఇటూ మోసే నాడె అందించాలి. పదేళ్ళ వయసు నుంచి పెండ్లిళ్ళయ్యేదాకా కుళ్ళాయప్ప పక్కన కూర్చుని నాడె అందించినవాడు మార్కండేయ. తర్వాత నేత వదిలేసి చీరల అంగడి పెట్టుకున్నాడు. బండి తోలడం నేర్పింది కుళ్ళాయప్పే. సవారిలో చేర్చిందీ కుళ్ళాయప్పే. జ్యోతి కాన్పు నొప్పులు పడుతుంటే ఆటో కోసం పరుగెత్తింది మార్కండేయ. అలాంటి స్నేహం.

మూడోనాడు కల్యాణదుర్గంలో బండ్లు తీస్తుండగా మార్కండేయ దగ్గరికొచ్చాడు.

"రే కుళ్ళాయీ, ఈ పొద్దు నువ్వు నరేంద్ర సారు వెనకాలే పో. వెనక బండి నేను చూసుకుంటాలే."

నరేంద్ర సారు బడిపంతులు. ఈ ఏటి ముందు బండి ఆయనదే. కుళ్ళాయప్ప సరేనన్నాడు. మార్కండేయ చెబితే ఆయన ఎప్పుడు కాదన్నాడు గనుక!

కంబదూరు దాటాక, గాలిమరల కింద తారురోడ్డు నుంచి ఒక మట్టిదారి ఎడమకు చీలి, ఇంకో మలుపు లేకుండా మధ్యాహ్నం భోజనాల చోటికి పోతుంది. అక్కడ నరేంద్ర సారు వేలు చూపించాడు. కుళ్ళాయప్ప బండి ఆపి, చెయ్యి ఎడమకు చాపి నిలబడ్డాడు. ఒక్కొక్కరే దాటిపోయారు. అనంతపురం ఆసుపత్రిలో నర్సు కృపాకుమారి హారన్ కొట్టి, "రాయన్నా, ఎండకు కరిగిపోవద్దు" అని నవ్వుతూ పోయింది. దుమ్ము అణిగింది. ఇక రావాల్సింది వెనక బండి ఒక్కటే.

అది రాలేదు.

మొదట పంక్చరనుకున్నాడు. తర్వాత టీకి ఆగి ఉంటాడనుకున్నాడు. ఫోన్ చేస్తే మోగింది, ఎత్తలేదు. బండి మీదున్నవాడు ఎట్లా ఎత్తుతాడు అని తనే సర్దిచెప్పుకున్నాడు. ముందు పోయినవాళ్ళకు చేస్తే లైనే కలవలేదు. పొద్దు నెత్తికెక్కింది. చెట్టు లేదు, చేమ లేదు. గాలిమర రెక్క నీడ ఒకటి నేల మీద అలా వచ్చి ఇలా పోతోంది. పక్క చేన్లో కందికట్టె ఏరుకుంటున్న తిమ్మక్క అనే ముసలామె చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"ఎవురి కోసం నాయనా, అంతసేపట్నుంచి నిలబడుకోనుండావు?"

"మావాడు వస్తాండాడవ్వా. వచ్చేదాకా నేను పోగూడదు."

ముసలామె దారి వైపు చూసి, మనిషి వైపు చూసి, పెదవి విరిచింది. "వచ్చేవాడైతే ఈ పాటికి వచ్చింటాడు లేప్పా. నీడకు రా."

కుళ్ళాయప్పకు చిర్రెత్తుకొచ్చింది. "మావాడు అట్లాంటోడు కాదవ్వా" అని చెంబు చేతికిచ్చేశాడు.

గుడ్డిగా నమ్మకూడదని నీతులు చెప్పేవాళ్ళకు కొదవ లేదు. కళ్ళు తెరిచి, కొలిచి, తూచి నమ్మితే దాన్ని బేరం అంటారు గానీ నమ్మకం అని ఎందుకంటారు? కుళ్ళాయప్ప తూచలేదు. ఎండ దిగుముఖం పట్టేసరికి ఆయనకు ఒకటే భయం మొదలైంది. మార్కండేయ పడిపోయాడు. ఎక్కడో రోడ్డు కింది మోరీలో, బండి కింద, కాలు విరిగి, ఫోన్ మోగుతుంటే చెయ్యి అందక పడున్నాడు.

ముందుకు పోతే గుంపు దొరుకుతుంది. వెనక్కి పోతే మూడేళ్ళ సవారి మట్టి కొట్టుకుపోతుంది. ఈ లెక్క ఆయనకు తెలుసు. బండి వెనక్కే తిప్పాడు.

కంబదూరు దాకా మోరీ మోరీకీ ఆగాడు. తుమ్మకంపల్లోకి తొంగి చూశాడు. ఒకచోట గుంతలో నారింజరంగు గుడ్డ కనబడితే, వెనక బండివాడు తొడుక్కునే కోటు అనుకుని గబగబా దిగాడు. ఎవరో పారేసిన యూరియా సంచి అది. మోచేతులకు ముళ్ళు గీరుకున్నాయి. ఊళ్ళో ఆసుపత్రికి పోయి అడిగాడు. పొద్దున్నుంచి దెబ్బల కేసే రాలేదన్నారు. ఈలోగా ఆయన ఫోన్ చార్జింగు అయిపోయింది.

బస్టాండు దగ్గర టీ అంగడి మారెప్ప, మనిషి ముఖం చూసి, అడగకముందే ఫోన్ ఇచ్చాడు. ఈ కాలంలో నంబర్లు ఎవరికి గుర్తుంటాయి? కుళ్ళాయప్పకు రెండే నోటికి వచ్చు. ఒకటి ఇంటిది, ఒకటి మార్కండేయది.

ఈసారి రెండో మోతకే ఎత్తారు.

"ఎవురు?" అంది మార్కండేయ గొంతు. వెనక గిన్నెల చప్పుడు, నవ్వులు.

కుళ్ళాయప్పకు ప్రాణం లేచివచ్చింది. "రే, బాగుండావా? దెబ్బలేమన్నా తగిలినాయేమిరా?"

"కుళ్ళాయీ?" అంది ఆ గొంతు. వెనక నుంచి కృపాకుమారి మాట స్పష్టంగా వినబడింది. "కుళ్ళాయన్ననా? పాపకు జ్వరమెట్లుండాదో అడుగన్నా!"

లైను తెగిపోయింది.

వినండి, ఆ అమాయకుడు అప్పుడేం చేశాడో. బిడ్డకు జ్వరమొచ్చిందని, ఆ సంగతి జ్యోతి తనకు చెప్పలేక మార్కండేయకు చెప్పిందని అనుకున్నాడు. తన మీద చెప్పిన అబద్ధాన్ని కూడా తనే నమ్మాడు! వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు.

"జ్వరమేంది?" అంది జ్యోతి. "పొద్దున ఉగ్గాని తిని బడికి పోయింది కదా అంజలి. ఎవురు చెప్పినారు నీకు?"

"ఎవురూ లేదు" అన్నాడు.

మారెప్ప ఇచ్చిన టీ చల్లారిపోయింది. గాలిమరల మలుపు దాకా రాకుండా కంబదూరులోనే ఇంకో తారురోడ్డు పట్టుకుంటే మధ్యాహ్నం భోజనాల చోటికి హాయిగా చేరుకోవచ్చు. చేరుకుని, కుళ్ళాయికి ఇంటి నుంచి ఫోనొచ్చింది, బిడ్డకు జ్వరమంట, ఊరికి తిరుక్కున్నాడు అని చెప్పవచ్చు. ఎవరు కాదంటారు? ప్రాణస్నేహితుడి మాటాయె. కుళ్ళాయప్పకు ఇదంతా ఒక్కొక్కటిగా తెలిసొచ్చింది. తడిగుడ్డతో గొంతు కోయడమని వింటూ ఉంటాం. కోయించుకున్నవాడికి మొదట నొప్పి కూడా తెలియదు.

లేపాక్షి చేరేసరికి పొద్దు వాలుతోంది. రాతి నంది ముందర గుంపంతా ఫోటోకు నిలబడి ఉంది. మధ్యలో మార్కండేయ, మెడలో బంతిపూల దండ. చీటీ అవసరం పడలేదు. వంతుకు మిగిలింది ఒక్కడే.

"అన్నొచ్చినాడు!" అని కృపాకుమారి అరిచింది. కుళ్ళాయప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. పోయి మార్కండేయ చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు.

"మోరీలన్నీ దిగి చూసినాను రా, నువ్వు పడిపోయినావని."

మార్కండేయ దండలోని పువ్వు ఒకటి తుంచుతూ నిలబడ్డాడు.

"ముందు బండి కావాలని అడిగింటే ఇచ్చింటాను కదరా."

"ఇస్తావు. నాకు తెల్దా?" అని మార్కండేయ తలెత్తాడు. కళ్ళలో సిగ్గు లేదు, కసి ఉంది. "బండి నేర్పించింది నువ్వు. అంగడి పెట్టుకోమని చెప్పింది నువ్వు. నాకు పిల్లను చూసింది నీ పెండ్లాం. ఇది కూడా నీ చేత్తోనే పెడితే తినల్లనా నేను? నాదని ఒక్కటన్నా వద్దా?"

"దొంగిలిస్తే నీదైతాదేమిరా?"

మార్కండేయ మెల్లగా, "ఇంకొకడైతే అర్ధగంట చూసి పోయింటాడు. నువ్వు కదలవని తెలిసే..." అని ఆగిపోయాడు.

ముప్ఫై ఏళ్ళ స్నేహంలో కుళ్ళాయప్ప నేర్చుకున్నది నమ్మడం, మార్కండేయ నేర్చుకున్నది ఆ నమ్మకం ఎంతసేపు నిలబడుతుందో!

"సరే. దండ నువ్వే ఉంచుకో. నాకొద్దు. నా బిడ్డ మీద జ్వరం పెట్టినావు చూడు, దాన్ని మటుకు నీ నోటితోనే తీసెయ్. పాపకు ఏమీ లేదు, నేను అబద్ధం చెప్పినానని అందరికీ చెప్పు. అంతే."

మార్కండేయ గుంపు దగ్గరికి నడిచాడు. కుళ్ళాయప్ప వెనకే పోయాడు. అందరూ చూస్తున్నారు. నరేంద్ర సారు, "ఏమప్పా, ఏమన్నా కబురా?" అన్నాడు. మార్కండేయ ఒకసారి సారు వైపు, ఒకసారి మెడలోని దండ వైపు చూసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"పాపకు జ్వరం దిగిందంట!" అన్నాడు గట్టిగా. "బిడ్డను చూసుకొని, మళ్ళా మన కోసం ఇంత దూరం వచ్చినాడు మా కుళ్ళాయి. చప్పట్లు కొట్టండప్పా!"

చప్పట్లు మారుమోగాయి. కృపాకుమారి కళ్ళు మూసుకుని, "ప్రభువా, స్తోత్రం" అంది. మధ్యాహ్నం నుంచి ఆమె నిజంగానే ఆ బిడ్డ కోసం ప్రార్థన చేసుకుంటూ ఉంది. నరేంద్ర సారు వచ్చి కౌగిలించుకున్నాడు. నోటి దాకా వచ్చిన మాటను కుళ్ళాయప్ప మింగలేకపోయాడు, కక్కలేకపోయాడు. ఇంత మంది మనస్ఫూర్తిగా సంతోషిస్తుంటే, మీ సంతోషం అబద్ధం అని ఏ నోటితో అంటాడు? బండి దగ్గరికి పోయి కిక్కు కొట్టాడు. బిడ్డ మీద బెంగతో పోతున్నాడులే అని దారి ఇచ్చారు.

ఇల్లు చేరేసరికి అంజలి సంగటి ముద్ద ముందర కూర్చుని మారాం చేస్తోంది. నాయన వచ్చాడని లేవబోతే, చెప్పులు కూడా విప్పకుండా పక్కన కూర్చుని, దాని నుదుటి మీద చెయ్యి పెట్టాడు. చల్లగా ఉంది. చెయ్యి తీసి, మళ్ళీ పెట్టి చూశాడు.

"జ్వరం జ్వరం అంటావేంది, ఎవురు చెప్పినారప్పా నీకు?" అంది జ్యోతి వంటింట్లోంచి.

"మార్కండేయ."

జ్యోతి చేతిలో గరిటె అక్కడే పడేసి, చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ గబగబా వచ్చింది. "మార్కండేయన్న చెప్పినాడా? ఆయప్ప ఊరికే అనడే" అంటూ తనూ వంగి, బిడ్డ మెడ కిందా నుదుటి మీదా పట్టి చూసింది.