పసుపు పాదాల మధ్య ఈరమ్మ

ఇందులో ప్రతి మాటా నిజం. నాకు అన్నం పెడుతున్న కెమెరా మీద ఒట్టు వేసి చెప్తున్నాను. నా సంగతి తెలిసిన రాయచూరు వాళ్లు ఇది చదివి నవ్వుతారు. మే నెల ఎండకు లెన్సు మెత్తబడితే కుల్ఫీ బండిలో పెట్టి చల్లార్చి, పెళ్లి ముహూర్తానికి అందించానని వాళ్లకు చెప్పినవాణ్ణి నేనే. అయినా ఈ ఒక్కసారి నమ్మండి. ఇవాళ పొద్దున స్టేషన్ వెనక రైస్ మిల్లు దగ్గర బండి ఆపాను. ఉడికిన వడ్ల ఆవిరి ముక్కుకు తగిలింది. తియ్యగా, కొంచెం పులిసినట్టు ఉండే ఆ వాసన రాగానే హన్మంతన్న గుర్తొచ్చాడు. బండి స్టార్ట్ చెయ్యబుద్ధి కాలేదు.

హన్మంతన్న పెళ్లి వీడియోలు తీసేవాడు. నాకు పని నేర్పింది ఆయనే. కెమెరా పట్టుకోవడానికి ముందు ఊపిరి ఎలా ఆపాలో నేర్పాడు, ఆ తర్వాత దాన్ని ఎటు తిప్పకూడదో నేర్పాడు. మంగళస్నానాలప్పుడు, తలంబ్రాలప్పుడు, భర్త పోయిన ఆడవాళ్లు ఫ్రేములోకి రాకుండా చూసుకోవాలి. ఇంటివాళ్లు ముందే చెవిలో చెప్తారు. చెప్పకపోయినా ఆ ఆడవాళ్లే కెమెరాను చూసి పక్కకు జరుగుతారు. అది మా పనిలో ఒక భాగం అనుకున్నామే తప్ప దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఒక్కసారి మాత్రం, చాయ్ తాగుతూ, తన పెళ్లి క్యాసెట్లో వాళ్లమ్మ లేదని చెప్పాడు. ఆమె వంటల పొయ్యిల వైపు నిలబడిపోయిందట. ఊళ్లో సగం మంది మొహాలు తీసిన మనిషి దగ్గర తల్లి ఫోటో ఒక్కటీ లేదు.

వాళ్లమ్మ చిక్కసూగూరు దారిలో ఉన్న ఒక రైస్ మిల్లు కళ్లంలో పని చేసేది. ఉడికించిన వడ్లు ఎండలో పరిచి, వాటి మధ్య కాళ్లు ఈడుస్తూ నడిచి తిరగేస్తారు. నడిచిన చోటల్లా సాళ్లు పడతాయి. చిన్నప్పుడు బస్తాల నీడలో కూర్చుని చూసిన ఆ పాదాలే ఆయనకు మిగిలిన ఫోటో. ఆ మిల్లులో వడ్లు ఆరబెట్టే మిషను వస్తోందని, కళ్లం మీద గోదాము కడతారని తెలిసినప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. పాదాల మీద ఒక చిన్న సినిమా తీస్తానన్నాడు. అందులో కథ లేదు, మొహాలు లేవు, మాటలు లేవు, చివరికి పాట కూడా లేదు. దాన్ని సినిమా అంటారా అని అడిగాను.

“నేను తీస్తుంటే నన్ను నువ్వు తియ్యిరా సీనూ,” అన్నాడు. “ముసలోనికి పిచ్చి లేసిందంటరు గద, ఎట్ల లేసిందో సూడనియ్యి జనాన్ని.”

నా డాక్యుమెంటరీ అట్లా మొదలైంది. మిల్లు సేటు ఒక్క రోజుకు ఒప్పుకున్నాడు. మర్నాడు కళ్లం తవ్వేస్తారు. ఆ ఒప్పుకున్న రోజు పొద్దున్నే వెళ్లేసరికి ఆడవాళ్లంతా పట్టు చీరలు కట్టుకుని, తలల్లో కనకాంబరాలు పెట్టుకుని, పాదాలకు నిండుగా పసుపు రాసుకుని వరసగా నిలబడి ఉన్నారు. హన్మంతన్న కలగన్నవి దుమ్ము పట్టిన పగుళ్ల పాదాలు. అందరిలో చిన్నది లక్ష్మి ఆయన మొహం చూసి చిన్నబుచ్చుకుంది.

“పెండ్లి కెమెరా వస్తదంటే పాత చీరెల వస్తమా అన్న?”

తొట్టి దగ్గర కాళ్లు కడుక్కోమని చెప్పి వస్తానన్నాను. ఆయన నా భుజం పట్టి ఆపాడు. మన కోసం రాసుకొచ్చిన పసుపు కడుక్కోమని చెప్పే నోరు ఎవరికీ ఉండొద్దన్నాడు. తర్వాత ట్రైపాడ్ కాళ్లు కుదించి, కెమెరాను నేలకు దగ్గరగా దించాడు.

అప్పుడే ఆమె కనిపించింది. బస్తాల అవతల, రేకు నీడలో, రోజూ కట్టే చీరలోనే ఉంది. పేరు ఈరమ్మ. ఆ కళ్లంలో అందరికంటే పాత మనిషి. ఆమె రాదులే, భర్త పోయినామె అని లక్ష్మి మెల్లగా చెప్పింది. హన్మంతన్న కెమెరా వదిలి ఆ ఎండలో ఆమె దగ్గరకు నడిచాడు. వెళ్లి ఆమె ఎదురుగా కింద కూర్చున్నాడు.

“నువ్వు గూడ నడువక్కా,” అన్నాడు.

“నేనెందుకయ్యా. శుభమాని కెమెరా తెస్తివి. మంచిగుండదు.”

“నా పెండ్లిల మా అమ్మ గిదే మాటన్నది. నేను ఊకున్న.”

ఈరమ్మ కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, పసుపు పాదాల మధ్య నుంచి వడ్లలోకి దిగింది.

సినిమాలో మీకు కనిపించేది అదే. ఎండిపోయిన నల్లటి పాదాలు రెండు, పచ్చటి పాదాల మధ్య సాలు తీసుకుంటూ దూరంగా వెళ్తాయి, తిరిగి దగ్గరకొస్తాయి. కళ్లం ఎంత పొడుగుందో షాటు అంత పొడుగుంది. అది తీస్తున్నంతసేపు ఆయన ఊపిరి ఆపుకోలేదు. భుజాలు కదులుతూనే ఉన్నాయి. నాకు నేర్పింది ఆయనే కాబట్టి అది నాకు తెలిసింది. మరుసటి చలికాలం ఆయన పోయాడు.

ఇప్పుడు ఒట్టు సంగతి. వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు. కళ్లానికి ఈ చివర ఉన్నాను. నా డాక్యుమెంటరీలో ఆ చోట రెండు వీపులు, ఊక ఊదే ఫ్యాను హోరు తప్ప ఏమీ లేవు. తర్వాత అడిగితే ఏం లేదులే అన్నాడు. ఆయన పోయాక వెళ్లి ఈరమ్మను అడిగాను. ఆయన నీకు చెప్పలేదంటే నేనెందుకు చెప్త అంది. కాబట్టి ఆ మూడు మాటలూ నేను కట్టినవి. డాక్యుమెంటరీ చూసినవాళ్లు అడిగినప్పుడల్లా ఒక్కోలా చెప్తూ వచ్చాను, చివరికి ఇవి నిలిచాయి.

అయినా వాటిని వదల్లేను. పెళ్లిళ్లలో పక్కకు జరిగి నిలబడ్డ పెద్దమ్మ ఎవరైనా కనబడితే కెమెరా దించి దగ్గరకు వెళ్తాను. మా హన్మంతన్న ఒకామెతో ఏమన్నాడో తెలుసా అని మొదలుపెట్టి, ఆ మాటలే చెప్తాను. ఇంటివాళ్లు గుర్రుగా చూస్తారు. చాలామంది పెద్దమ్మలు వద్దని చెయ్యి ఊపుతారు. కొందరు మాత్రం కొంగు సర్దుకుని వచ్చి నిలబడతారు.