ఇమాం జామిన్ ముడి

తారిక్ సాహెబు ఆటోనగర్‌లో పాత లారీ స్ప్రింగులు అమ్మేవాడు. అయినా సరే, "నవాబుగారూ" అని పిలిస్తే గానీ తలెత్తేవాడు కాదు. తాతముత్తాతలు కొండపల్లి ఖిల్లాదారులట మరి! నవ్వకండి, ఖిల్లా పోయినా ఆ ఇంటి దర్జా పోలేదు. తల్లి లేని కొడుకు సిరాజ్‌ను పెంచింది మాత్రం వాడి అక్క షాహీదాయే. సెలవొస్తే చాలు, వాడు ఖిల్లా బురుజెక్కి ఆకాశంలోకి నోరెళ్లబెట్టి చూసేవాడు.

"ఆపా, మన తాతలు ఇక్కణ్ణుంచి చూశారు. నేను ఇంకా పైనుంచి చూస్తా" అనేవాడు అక్కతో.

అన్నంత పనీ చేశాడు, ఫైటర్ పైలట్ అయ్యాడు. తొంభై తొమ్మిదిలో సెలవు మీద ఇంటికొస్తే, కార్గిల్ యుద్ధానికి వెంటనే రమ్మని పిలుపొచ్చింది. బెజవాడ స్టేషన్లో షాహీదా తమ్ముడి కుడిచేతికి ఇమాం జామిన్ కట్టింది. పచ్చగుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి వేసే ముడి అది. వెళ్ళినవాడు క్షేమంగా ఇల్లు చేరాక విప్పి, ఆ బిళ్ళ పేదవాళ్ళకివ్వాలి.

"నేను చెప్పేదాకా విప్పావో, చంపేస్తా!" అంది.

ఆ మంచుకొండల మీద సిరాజ్ చావుతో చెలగాటమాడాడు. ఒకసారి రెక్కకు తూటాలు తగిలిన విమానాన్ని పొగలతోనే దించాడు. "కంగారెందుకు ఆపా? నీ ముడి గట్టిది" అన్నాడు ఫోన్లో. నవాబుగారు దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ టీ పోయించి మరీ ఆ కథ చెప్పాడు.

జూలైలో యుద్ధం అయిపోయిందని టీవీలో చెప్పారు. వీధి వీధంతా మిఠాయిలు పంచుకుంది. ఆ సాయంత్రమే ఫోనొచ్చింది.

"ఆపా, ఇక విప్పనా? చెయ్యి ఒకటే దురద."

సంతోషం పట్టలేకపోయింది పిచ్చితల్లి. "విప్పెయ్ నాన్నా! బిళ్ళ ఎవరికైనా ఇచ్చెయ్" అంది. వాడింకా ఇల్లు చేరనేలేదు.

ఆ వారంలోనే, మామూలు ప్రాక్టీసుకు ఎగిరిన విమానం ఇంజన్లో పక్షులు పడి కూలిపోయింది. శత్రువు లేడు, తూటా లేదు. జెండా కప్పిన పెట్టె ఇంటికొచ్చింది. "పులిలా పోయాడు నా కొడుకు" అనబోయి నవాబుగారు మాట పూర్తికాకుండానే కుప్పకూలాడు. సామాన్లలో పచ్చగుడ్డ చక్కగా మడతపెట్టి ఉంది.

"ఇంజను చెడితే ముడేం చేస్తుందమ్మా?" అన్నారు అందరూ. నిజమే, షాహీదాకూ తెలుసు. తెలిసి ఏం లాభం, కడుపులో మంట ఆరితేగా!

ఆరేళ్ళ తర్వాత ఆమె కూతురు అర్ఫా గుంటూరు వెళ్ళి పరీక్ష రాసి వచ్చింది. గుమ్మంలోనే చెప్పులు విడిచి, చెయ్యి చాపింది.

"విప్పు అమ్మీ, ఇంటికొచ్చేశాగా!"

షాహీదా ముడి మీద వేళ్ళు పెట్టింది. వేళ్ళు కదల్లేదు.

"వచ్చావులే తల్లీ. ఇంకాసేపు ఉండనీ."