ఆరిపోవడం తెలిసిన మంట

కరోనా తగ్గిన మరుసటి చలికాలంలో నేను సూరత్‌లో, పైపుల ద్వారా ఇళ్లకు గ్యాస్ ఇచ్చే ఒక సంస్థలో భద్రతా విభాగం సీనియర్ ఇంజనీరుగా ఉన్నాను. ప్రమాదం జరిగిన ఇంటికి వెళ్లి, కారణం తేల్చి, పై అధికారికి నివేదిక ఇవ్వడం నా పని. అంటే మేం గడప తొక్కేసరికి ఎప్పుడూ ఆలస్యమే అయి ఉంటుంది. అలాంటి ఉద్యోగం చేసినవాడికి ఇరుగుపొరుగు పెళ్లి పిలుపులు కూడా కాస్త తక్కువే వస్తాయి.

ఆ జనవరిలో, ఊళ్లో మగ్గాల పేట అయిన ఉధ్నాలో ఒక బాలింత గ్యాస్ గీజర్ ఉన్న స్నానాలగదిలో ఊపిరాడక చనిపోయింది. ఇంటివాళ్లు తెలుగువాళ్లని ఆ కేసు నాకు అప్పగించారు. భాష తెలిసినవాడు వెళ్తే వాళ్లకు తేలికగా ఉంటుందని మా పై అధికారి అన్నాడు. తేలిక కాలేదు, వాళ్లకూ నాకూ.

ఇంటిపెద్ద రాజవ్వ. కుటుంబం సిరిసిల్ల వైపు నుంచి వచ్చింది. కొడుకు రమేశ్ పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు బాగుచేసే జాబర్. చనిపోయింది అతని భార్య స్వప్న. ఆమెకు తల్లి లేదు. అందుకని కాన్పు, పథ్యం, వేణ్ణీళ్లు అన్నీ అత్తగారే నెత్తిన వేసుకుంది. నేను వెళ్లినప్పుడు పసిపిల్ల రాజవ్వ ఒళ్లోనే ఉంది. కొడుకు తల్లితో మాట్లాడటం మానేశాడని పక్కింటివాళ్లు చెప్పారు. బాలింతకు గాలి తగలకూడదని మనవాళ్ల పట్టింపు కదా. కోడలి చెవుల్లో దూది పెట్టి, స్నానాలగది వెంటిలేటర్‌లో పాతచీరలు కుక్కింది రాజవ్వ. ఆ చీరలే తన భార్యను చంపాయని రమేశ్ అనుకుంటున్నాడు.

ఆ గీజర్ పాత రకం. లోపల పైలట్ అనే చిన్న మంట ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది. కుళాయి తిప్పగానే పెద్ద బర్నర్‌ను అదే అంటిస్తుంది. పైలట్ పక్కన థర్మోకపుల్ అనే లోహపు ముల్లు ఉంటుంది. మంట ఆ ముల్లును వేడిచేస్తున్నంతసేపే గ్యాస్ వాల్వ్ తెరిచి ఉంటుంది. గదిలో ప్రాణవాయువు తగ్గితే మంట ముల్లును వదిలి పైకి లేస్తుంది. ముల్లు చల్లబడి, వాల్వ్ మూసుకుని, గ్యాస్ ఆగిపోతుంది. పైలట్ నిలవడం లేదన్నది మా సర్వీసు విభాగానికి రోజూ వచ్చే ఫిర్యాదు. చాలాసార్లు మసో, అరిగిన థర్మోకపులో, ఉధ్నాలో అయితే మగ్గాల నూగో కారణమవుతుంది. కొన్నిసార్లు మాత్రం మంటలో ఏ లోపమూ ఉండదు, లోపం గదిలో ఉంటుంది.

మూత విప్పాను. వాల్వ్ మూసుకోకుండా ఒక ఉక్కు తీగముక్క అడ్డం పెట్టి ఉంది. మగ్గానికి వాడే తీగ. రమేశ్‌ను అడిగితే దాచకుండా చెప్పాడు. స్నానం మధ్యలో పైలట్ మాటిమాటికీ ఆరిపోయేదట. తడిజుట్టుతో స్వప్న వణుకుతూ లోపలినుంచి పిలిచేదట.

"మగ్గం ఊకెనే ఆగితే గిట్లనే చేస్తం సారూ. పోగు తెగకున్నా ఆగుతది. జర తీగ అడ్డం పెడితే నడుస్తది."

అతను చెప్పింది నిజమే. పోగు తెగితే మగ్గాన్ని ఆపే ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఆగినకొద్దీ బట్ట తగ్గుతుంది కాబట్టి జాబర్లు దాన్ని పనిచేయకుండా కట్టేస్తారు. అక్కడ మహా అయితే బట్ట పాడవుతుంది.

తీగ తీసేసి, చీరలు మళ్లీ కుక్కి, వేణ్ణీళ్ల కుళాయి తిప్పి, తలుపు మూసి బయట నిలబడ్డాను. కాసేపటికి తెరిస్తే పైలట్ ఆరిపోయి ఉంది. గది గాలాడనిచ్చి, చీరలు తీసేసి అదే పరీక్ష మళ్లీ చేశాను. ఈసారి మంట నిలిచింది. గీజర్‌లో ఏ లోపమూ లేదు. అది స్వప్నను కాపాడటానికే అన్నిసార్లు ఆరిపోయింది.

తప్పు ఎవరిదని రమేశ్ అడిగాడు. చీరలు ఒక్కటే ఉంటే మంట ఆరిపోయి చన్నీళ్లు వచ్చేవని, తీగ ఒక్కటే ఉంటే వెంటిలేటర్ గుండా గాలి ఆడేదని చెప్పాను. రెండూ కలిశాయి కాబట్టి మూసిన గదిలో మంట ఆరకుండా మండి, ఉన్న గాలిని విషం చేసిందన్నాను. నా కొలువులో అంత కష్టమైన మాట ఇంకోటి చెప్పలేదు. అతను గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు.

రాజవ్వ పిల్లను భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చింది.

"బట్టలు నేను కుక్కిన సారూ. నా పేరు రాసుకోండ్రి. తీగ ముచ్చట కాయితంల పెట్టకుండ్రి. ఈ పిల్లను సాదేది వాడే గద."

అయినా రెండూ రాయాల్సిందేనని చెప్పాను, రెండూ రాశాను. పనిముట్లు సర్దుకుంటుంటే రమేశ్ లేచి, తల్లి చేతుల్లోంచి పిల్లను అందుకుని, ఆమె పక్కనే కూర్చున్నాడు. ఆ చలిలో ఇంటి కిటికీలన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. పిల్ల చెవులకు మాత్రం గుడ్డ కట్టి ఉంది.

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా సర్వీసు టెక్నీషియన్లకు శిక్షణ ఇచ్చినప్పుడల్లా ఒకటి చెప్పేవాణ్ణి. పైలట్ నిలవడం లేదని ఎవరైనా పిలిస్తే గీజర్ మూత విప్పకముందు వెంటిలేటర్ చూడండి. దానికన్నా ముందు, ఇంట్లో బాలింత ఉందా అని అడగండి.