కంట్లో దారం

బాలసుబ్బయ్య కుట్టుకు వంక పెట్టినవాడు లేడు. కడప నుంచి వచ్చి పదకొండేళ్లుగా కువైట్‌లోని ఖైతాన్‌లో దిష్‌దాషాలనే అరబ్బుల పొడుగు చొక్కాలు కుడుతున్నాడు. వంకల్లా ఆయన ఒంట్లోనే ఉంది. పాడు షుగరు కుడికంటి వెనకపొరకు నీరు పట్టించింది. ఎడమకన్ను చిన్నప్పటి నుంచీ అంతంత మాత్రమే. కుడిది కూడా పోతే సూదిలో దారం ఎక్కదు, కువైట్ బతుకు ఖలాస్.

ఆసుపత్రిలో డాక్టరు ఆ కంట్లోకి వెంట్రుకంత మందుపుల్లను సూదితో ఎక్కించాడు. అది నెలల తరబడి కరుగుతూ వాపు తగ్గిస్తుందట. “పాత శుక్లం ఆపరేషన్‌లో లోపలి పొర చినిగింది. పుల్ల ముందుకు జారొచ్చు. తల వంచొద్దు, మసకైతే ఆ రోజే రావాలి” అని కోనసీమ నర్సు అరుణజ్యోతి చేత తెలుగులో చెప్పించాడు. తల వంచకుండా బట్ట కుట్టే దర్జీని దేవుడింకా పుట్టించలేదు మరి! రెండు వారాలు ఓపిక పట్టి మిషనెక్కాడు.

మూడోవారం కన్ను మసకబారింది. దర్జీ బుద్ధి ఎక్కడికి పోతుంది? నూలుపోగు పడిందనుకున్నాడు. ఊళ్లో అయితే పక్క దర్జీ రెప్ప ఎత్తి ఉఫ్‌మని ఊదేవాడు. ఇక్కడ పక్క మిషను ఖలందర్‌ను అడిగాడు.

“కంట్లో దారం పడినట్లుండాదబ్బా, రవ్వంత చూడు.”

“మొహం కడుక్కో భాయ్. యల్లా, జల్దీ కానీ, సాయంత్రానికి ఆరు చొక్కాలు ఇయ్యాల” అన్నాడు ఖలందర్ తలెత్తకుండానే.

నాలుగో రోజు దుకాణం అద్దానికి ముక్కు ఆనించి ఎడమకంటితో చూసుకుంటే నల్లగుడ్డు ముందు నిజంగానే తెల్లటి పోగు! తడిగుడ్డ కొస మెలిపెట్టి తుడిచాడు. రాలేదు. గట్టిగా తుడిచాడు. ప్రాణం జివ్వుమంది. అప్పుడు పరిగెత్తాడు ఆసుపత్రికి.

అది దారం కాదు, మందుపుల్లే. ముందుకు జారి, గుడ్డు మీది అద్దంలాంటి పొరను నాలుగు రోజులూ ఒరుస్తూ కూర్చుంది. పుల్లను తీసేశారు గానీ పొర తెల్లబడిపోయింది. మొదటి రోజే వస్తే దక్కేదన్నాడు డాక్టరు.

కట్టు కడుతూ అరుణజ్యోతి ఉండబట్టలేకపోయింది. “అంత తెల్లగా కనపడతుంటే గదిలో ఎవరూ చూళ్లేదా బాబాయ్ గారూ?”

“ఏడుమందిమి ఉండాము తల్లీ. ఎవురి డ్యూటీ వాళ్లది.”

“పోనీ వీడియో ఫోన్లో పిన్నిగారైనా?”

“ఆమె పోయి మూడేండ్లాయ.”

అరుణజ్యోతి చేయి ఆగింది. ఆమె తన మొహంలోకే చూస్తోందని బాలసుబ్బయ్యకు తెలిసింది. కుడికంటికి కట్టు; ఎడమకంటికి అంత దూరాన మసక తప్ప ఏమీ ఆనలేదు. దుఃఖం ఆగలేదాయనకు.

“ఇన్నేండ్లకు ఒక మనిషి నా మొహం చూసె తల్లీ. నేను నీ మొహం చూసే యోగం లేకపాయ.”