ఒక్కపొద్దు ఉండి ఇచ్చిన రక్తం

ఉపవాసం చేసి పుణ్యం సంపాదించినవాళ్లను మీరు చూసే ఉంటారు. ఉపవాసం చేసి చక్కెర వ్యాధి సంపాదించినవాణ్ని బహుశా నేనొక్కణ్నే. ఆ ఘోరం చెబుతాను, కాస్త సర్దుకుని కూర్చోండి.

డెబ్బైల మొదట్లో గోదావరి జిల్లా నుంచి వచ్చి లింగంపల్లి దగ్గర ఒక కార్ఖానాలో గుమాస్తాగా చేరాను. యాదమ్మగారింట్లో గది కిరాయికి తీసుకున్నాను. ఆవిడకు పాడి గేదెలు, చిన్న ద్రాక్షతోట, అద్దెకున్నవాణ్ని కూడా కొడుకా అని పిలిచే మనసు ఉండేవి. నేను మాత్రం కొన్నాళ్లకే నీరసపడిపోయాను. మెట్లెక్కితే ఆయాసం, కూర్చుంటే కునికిపాట్లు. మా నాన్నగారు చక్కెర వ్యాధితోనే పోయారు. ఇక నా వంతు వచ్చిందని లోలోపల వణుకుతూ దవాఖానకు వెళ్లాను.

డాక్టరుగారు ఆ పక్క ఊరివారే. "రేపు పొద్దుగాల ఒక్కపొద్దుండి రా. రక్తంల చక్కెర ఎంతున్నదో చూద్దాం" అన్నారు.

ఒక్కపొద్దంటే ఏమిటో నాకు తెలియదు. అడిగితే చులకనైపోనూ? మహాపండితుడిలా తల ఊపి ఇంటికొచ్చి, యాదమ్మగారిని పట్టుకున్నాను.

"ఒక్కపొద్దంటే ఏం చెయ్యాలండీ?"

"అయ్యో, గంత తెల్వదా కొడుకా? అన్నం ముట్టొద్దు. గంతే."

"మరి ఆకలేస్తేనండీ?"

"పండ్లు తిను, పాలు తాగు. సగ్గుబియ్యం పాయసం నేను చేస్త, ఫికర్ చెయ్యకు."

ఒక్కపొద్దు ఎందుకని ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు. తెల్లారి ద్రాక్షపళ్లు, అరటిపళ్లు, చిక్కటి పాలు, మీద రెండు గిన్నెల పాయసం లాగించి, భక్తిగా వెళ్లి రక్తమిచ్చాను. మెతుకు ముట్టలేదు సుమండీ!

ఫలితం చూసి డాక్టరుగారు ఉలిక్కిపడ్డారు. "ఏందయ్యా ఇది, రక్తమా, బెల్లం పాకమా? ఒక్కపొద్దున్నవా, లేదా?"

"నిష్ఠగా ఉన్నానండీ!"

"అయితే చక్కెర బీమారే."

ఇంటికొచ్చి అరుగు మీద కూలబడి ఏడ్చాను. సంగతి విని యాదమ్మగారు నెత్తి కొట్టుకున్నారు. "రక్తపరీక్షకని చెప్పొద్దా? నేను ఏ దేవునికో అనుకున్న!" అని చెయ్యి పట్టుకుని దవాఖానకు లాక్కుపోయారు. పాయసం కథ వినగానే డాక్టరుగారు కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. శంఖంలో పోస్తేనే తీర్థమైనట్టు, పరగడుపున తీస్తేనే ఆ పరీక్షకు పనికొచ్చే రక్తమట.

మర్నాడు ఆవిడే కాపలాగా వచ్చారు. నాకేమీ కాకూడదని తనూ పచ్చి ఉపవాసం ఉన్నారు. నా రక్తం తీయడం అయిందో లేదో, "సారూ, జర నీళ్లియ్యరా? దూప ఆగుతలేదు" అన్నారు.

"ఈ దూప ఇయ్యాల్టిదేనా?" అన్నారు డాక్టరుగారు.

"కాదు, శానా దినాల సంది గిట్లనే. ఎన్ని నీళ్లు తాగినా దూపే."

డాక్టరుగారి నవ్వు ఆగిపోయింది. "నువ్వు సుత ఏం తినలేదు గద. నీళ్లు తాగి, చెయ్యి ఇటియ్యమ్మా."

నా రక్తంలో చక్కెర సరిగ్గానే ఉంది. ఉన్నది రక్తహీనత, ఇనుము మాత్రలతో పోయేదే. యాదమ్మగారి రక్తంలో మాత్రం చక్కెర బాగా ఎక్కువగా ఉంది. నాన్నగారు గుర్తొచ్చి నేను ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. "పరేషాన్ గాకు. అవయవాలు చెడకముందే దొరికింది, మంచిగైంది" అన్నారు డాక్టరుగారు. మందులతో, తిండి అదుపుతో, అప్పుడప్పుడూ చేయించే రక్తపరీక్షలతో ఆవిడ చాలాకాలం హాయిగా బతికారు. ఆ పరీక్షలకు తోడు వెళ్లే భాగ్యం నాదే. మా నాన్నగారికి అందని అదృష్టం ఆ తల్లికి అందింది. ఆ డాక్టరుగారికీ, ఆ చిన్న సీసాడు రక్తానికీ నేనెప్పటికీ రుణపడి ఉంటాను.

ఇరుగుపొరుగుకు ఆవిడ నన్నెప్పుడూ ఇలాగే పరిచయం చేసేవారు: "గీ పిలగాడు పాయసం తిన్నడు, నేను బతికిన!"

కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: చక్కెర పరీక్షకు ముందు ఇకమీదట ఎంత గొప్ప పుణ్యం వస్తుందన్నా ఫలహారం ముట్టను. ఆ తర్వాత మాత్రం నన్నెవరూ ఆపకండి.