ముందు సీటు బరువు

ఈరోజు నేను చేసింది పొరపాటు అని రాస్తే అబద్ధమవుతుంది. తెలిసే చేశాను. తోటి లెక్చరర్ తన పాఠం కోసం చేయించుకున్న చిన్న చెక్క ఆటో బొమ్మకు వెనక చక్రం నట్టు వదులు చేశాను.

కామారెడ్డిలోని మా కాలేజీలో ఈ ఏడాది రోడ్డు వాహనాల చలనం మీద వరుస ఉపన్యాసాలు పెట్టారు. మొదటిది నాకే ఇచ్చారు. మలుపులో బస్సు ఎందుకు ఒరుగుతుందో చెబుతూ ఒక సూత్రం దగ్గర తడబడ్డాను. వెనక బెంచీలో కూర్చుని వింటున్న ఆ తోటి లెక్చరర్ లేచి, "సారు రోజూ ఎల్లారెడ్డి బస్సుల ఊగుకుంట వస్తడు. ఒరుగుడు ఒంటికి తెలుసు గని నోటికి రాదు" అన్నాడు. పిల్లలు విరగబడి నవ్వారు. మిగతా ఉపన్యాసాలన్నీ ఆయనకు వెళ్లిపోయాయి.

అప్పటినుంచి బస్సు ఊగిన ప్రతిసారీ నాకు ఆ నవ్వు వినిపించేది. ఆయన అందరి ముందూ నోట మాట రాక నిలబడాలి. నేను వెనక బెంచీలో కూర్చుని చూడాలి. అన్నం ముందు కూర్చున్నా అదే ఊహించుకునేవాణ్ణి. ముద్ద రుచిగా ఉండేది.

ఈరోజు పాఠం మూడు చక్రాల ఆటో గురించి. ఆయన టీకి వెళ్లినప్పుడు నా పని కానిచ్చి, వెనక బెంచీలో కూర్చున్నాను.

ఆయన పలక మీద ఆటోను అడ్డంగా నిలిపి, ఇసుక సంచీ వెనక సీట్లో పెట్టాడు. "బరువు ఎనక ఉంటే తొందరగా పడదు, చూడుండ్రి" అంటూ పలకను ఒక పక్క లేపాడు. చక్రం లోపలికి వాలి ఆటో బోల్తా పడింది. మళ్లీ నిలిపాడు. మళ్లీ పడింది.

"ఆటోకు గూడ ఎల్లారెడ్డి బస్సు గాలి సోకింది సార్" అన్నారెవరో. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. ఆయన ముఖం మాడిపోయింది. సంచీని ముందు సీట్లోకి మార్చి చూపకుండానే పాఠం ముగించాడు.

నా ముందు బెంచీలో గాంధారి నుంచి తండ్రి నడిపే ఆటోలో వచ్చే అమ్మాయి పక్కామెతో అంటోంది: "మా బాపు చేసేదే కరెక్టు. ఎనక బరువు తగ్గాలని ఇద్దర్ని తన పక్కన కూసోబెట్టుకుంటడు. అమ్మ ఊకె వద్దంటది. ఇయ్యాల ఇంటికి పోయి చెప్త."

నా నవ్వు ఆగిపోయింది. ముందున్నది ఒక్కటే చక్రం. అక్కడ బరువు పెరిగితే మలుపులో ఆటో తేలిగ్గా పడుతుంది. ఆయన చూపబోయింది అదే.

ఆయన గదికి వెళ్లి చెప్పేశాను. "పగ నా మీద ఉంటే నన్ను కొట్టాలె. ఆ పిల్ల తండ్రి ఏం జేసిండు నీకు?" అన్నాడు.

నట్టు బిగించి, పలకా ఆటో సంచీ పట్టుకుని గాంధారి ఆటోలు ఆగే చోటికి పరుగెత్తాను. అమ్మాయి వెనక కూర్చుని ఉంది. డ్రైవర్ సీట్లో ఉన్న ఆమె తండ్రికి చెరో పక్క ఒకరున్నారు.

"అమ్మా, ఇందాక ఆటో పడ్డది నా వల్ల. చక్రం నేనే వదులు చేసిన" అన్నాను. ఆమె తండ్రిని దింపి, రోడ్డు పక్కనే పలక పెట్టి చూపించాను. సంచీ వెనక ఉన్నప్పుడు నిలిచింది. ముందుకు మార్చి అంతే ఎత్తు లేపితే పడింది.

"గిట్లయితే గిరాకి పోతది గద సార్" అన్నాడతను.

"పోతది, అన్నా."

అతను పడి ఉన్న బొమ్మను లేపి నా చేతిలో పెట్టాడు. తర్వాత పక్కన కూర్చున్న ఇద్దరితో, "దిగుండ్రి, ఎనకాల ఆటోల రాండ్రి" అన్నాడు. వాళ్లు నన్ను తిట్టుకుంటూ దిగారు.

రేపు మొదటి గంటలో క్లాసు ముందు నేనే ఈ పలక లేపుతానని, నట్టు సంగతీ చెబుతానని ఆయనను అడగడానికి మళ్లీ కాలేజీకి నడిచాను.