తోమిన డబ్బా

మా వదిన పోయిందని మంగళవారం పొద్దున ఆదోని పక్కనున్న వాళ్లూరి నుంచి మనిషొచ్చి చెప్పినాడు. మూడు దినాల జ్వరమంట. ఎమ్మిగనూరులో బస్సెక్కి నేను పోయేసరికి ఆడోళ్లు నీళ్లు కాగబెట్టినారు. నాకు ఏడుపు రాలేదు, సిగ్గొచ్చింది. ఎందుకో మీకు చెప్పాల.

ఆమె మొగుడు మా అన్న. పత్తి చేన్లో కూలికి పోయేటోడు. ఆ ఏడు పురుగు పడిందని ఆసామి ఆదోని అంగడి నుంచి కొత్త మందు తెప్పించినాడు. నీళ్లల్లో కలిపి చల్లమన్నారు, అంతే, ఇంకో మాట లేదు. అన్న చేత్తో కలిపినాడు. వేపరొట్ట ముంచి ఎదురుగాలికి చల్లినాడు. పొద్దు గుంకకముందే నోట నురుగొచ్చి గట్టు మీదనే పాణం పోయింది. డాక్టరుకు చూపిద్దామని ముందే బండ్లో వేసుకున్న ఖాళీ డబ్బాను వదిన ఇంటికి తెచ్చి అట్లనే మూలన పెట్టింది.

పదకొండో దినం ఇల్లు శుద్ధి. సావింట్లో సామానంతా తోమాల్సిందే. తోమింది నేను. బూడిద, చింతపండు వేసి ఆ డబ్బాను కూడా తోమినాను. అంటించిన కాగితం నానితే గోటితో గీకినాను. గీకేముందు చూసినాను కూడా. ఇంగ్లీషు అక్షరాలు, ఒక పత్తికాయ బొమ్మ. ఊరి బడిలో అయిదు చదివినదాన్ని, ఒక్క తెలుగు అక్షరం కనపడలేదు. తళతళలాడించి బోర్లించినాను. ఎంత పనిమంతురాలినో!

వదిన ఊరుకోలేదు. "కూలోడి పాణమైనా ఎవురో ఒకరు జవాబు సెప్పాల" అని అంగడాయన మీద దావా వేసింది. ఊరంతా నవ్వింది. మా ప్లీడరేమో, సారాయికి చట్టముంది గానీ ఈ మందుకింకా లేదు, డబ్బానే మన సాక్షి, జాగ్రత్తగా తెమ్మన్నాడు. మహానుభావుడు, దాని మూట విప్పి చూసింది మాత్రం లేదు.

డబ్బా మీద తెలుగులోనే విషమని రాసుంది, ముట్టొద్దని రాసుంది, చదువురానోడు చస్తే నాదా తప్పు అన్నాడు అంగడాయన కోర్టులో. జడ్జి డబ్బా అడిగినాడు. అక్షరం రాని వదిన మూట విప్పి పెట్టింది. అది అద్దం మాదిరి మెరిసింది. ఎవరు తోమినారని అడిగినాడు జడ్జి.

వదిన నా తట్టు చూడను కూడా చూడలేదు.

"నేనే సామీ. సావింట్లో తోమకుంటే ఎట్ల?"

రాసిందంతా కావాలనే చెరిపేసిందని అవతలి ప్లీడరు లేచినాడు. నేను గోడకానుకొని నిలబడున్నాను. దాని మీద తెలుగు లేదని చూసిన మనిషిని నేనొక్కదాన్నే. నోరు తెరిస్తే తోమింది నేనని తెలుస్తుంది, వదిన అబద్ధమాడిందని తెలుస్తుంది, ఇద్దరినీ లోపలేస్తారేమోనని భయం. దావా కొట్టేసినారు.

బస్సులో ఆమె మెల్లగా అడిగింది.

"దాని మీద తెలుగు ఉండెనా పాపా?"

"చూడలేదు వదినా" అన్నాను.

ఆపైన ఎప్పుడు పోయినా నా ముందర ఏదో ఒకటి పెట్టేది. సబ్బు కాగితం, అగ్గిపెట్టె, కాఫీపొడి పొట్లం. "మొదలు సదువు పాపా, ఆనక తోముదువు" అనేది. ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడిచినా బాగుండు. రెండేండ్లలో నన్ను ఒక్క మాటన్న పాపాన పోలేదు. నాకు నిజం చెప్పే ధైర్యమూ రాలేదు.

మొన్న ఆమె పదకొండో దినం. సామానంతా నా ముందర పోసినారు. దాంట్లో ఆ డబ్బా ఉంది. వదిన దాంట్లో ఉప్పు గూడా పోసుకోలేదు. బూడిద చేతిలోకి తీసుకొని, డబ్బాను ఇటు తిప్పి అటు తిప్పి చూసినాను. తోమేదానికి దాని మీద ఏమీ లేదు. అన్న దినం నాడే బాగా తోమినాను గదా.